ఎండ, పిడుగు, వరద, తుపాను, భూకంపం: మీ ఊళ్లో ఏ సైన్స్ ప్రసంగం పెట్టించాలి?

గ్రంథాలయంలోనో, హైస్కూల్లోనో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ హాల్లోనో ప్రకృతి విపత్తుల మీద ఒక సైన్స్ ప్రసంగం పెట్టిద్దాం అనగానే కమిటీలో ముందుగా వినపడే పేరు భూకంపం. అది కాకపోతే సునామీ. బొమ్మలు బాగుంటాయి, వీడియోలు దొరుకుతాయి, జనం కూడా వస్తారు. వచ్చినవాళ్లు విని ఇంటికెళ్లాక ఏం చేస్తారన్న ప్రశ్న మాత్రం మీటింగ్ అయిపోయేదాకా ఎవరికీ రాదు.

నేను ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీ ప్రాంతంలో మనుషులు ఏ విపత్తు వల్ల, ఏ నెలలో, ఒంటికి ఏం జరిగి చనిపోతున్నారో చూడండి. ప్రసంగం దాన్నిబట్టి ఎంచుకోండి. విపత్తు ఎలా పుడుతుందో చెప్పి ఆపేసే ప్రసంగాలు చాలా ఉన్నాయి. అది ఒంట్లో ఏం చేస్తుందో చెప్పే సగం ఉంటేనే ఆ సాయంత్రానికి విలువ.

తీర్పు ముందే చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడే ఆగవచ్చు. ఏడాదికి ఒక్క ప్రసంగమే పెట్టగలిగితే, పల్నాడు, రాయలసీమ, రామగుండం, కొత్తగూడెం వైపు ఎండ మీద పెట్టించండి. గోదావరి గట్టు మీది ఊళ్లు, లంక గ్రామాలు, విజయవాడ, ఖమ్మం, హైదరాబాద్‌లలో నీళ్లు నిలిచే కాలనీలు అయితే వరద తర్వాత వచ్చే జబ్బుల మీద. సముద్రానికి దగ్గరగా ఉంటే తుపాను. గొర్రెల కాపర్లు, పొలం కూలీలు ఎక్కువున్న ఊరైతే పిడుగు. భూకంపం వీటిలో ఒకటైనా అయ్యాకే.

ఎండ: చప్పగా అనిపిస్తుంది, ప్రాణాలు ఎక్కువ కాపాడుతుంది

"ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, మజ్జిగ తాగమంటారు, గొడుగు పట్టుకోమంటారు" అని కమిటీలో ఒకాయన తప్పకుండా అంటాడు. ఆయనకు 2015 మే నెల గుర్తుచేయండి. ఆ ఏడు వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. కూలి పనికి వెళ్లినవాళ్లు, ముసలివాళ్లు, రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు.

పైగా లెక్కలోకి వచ్చేది కొంతే. ఎండకు పోయిన ప్రాణం చాలాసార్లు కాగితం మీద గుండెపోటు అయిపోతుంది. అహ్మదాబాద్‌లో 2010 మే నెల మరణాలన్నిటినీ మామూలు సంవత్సరాలతో పోల్చి చూస్తే 1,300కు పైగా అదనంగా తేలాయి. దాని తర్వాతే 2013లో ఆ నగరం ఎండల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. దక్షిణాసియాలో అలాంటిది అదే మొదటిది. మంచి వక్త ఈ కథ చెప్తాడు. ఎందుకంటే ఎండ మనిషిని ఎలా చంపుతుందో ఇందులోనే ఉంది. ఒంటి వేడి బయటికి పంపాలంటే గుండె చర్మం దాకా రక్తాన్ని ఎక్కువగా తోయాలి. గంటల తరబడి అలా తోస్తూ అప్పటికే బలహీనంగా ఉన్న గుండె అలిసిపోతుంది. ఆ మనిషి రోడ్డు మీద కూలిపోకపోవచ్చు, రాత్రి మంచం మీదే పోవచ్చు.

ఎండ మీద ప్రసంగాల్లోనూ రెండు రకాలున్నాయి. ఒకటి జాగ్రత్తల జాబితా చదివే రకం. అది వద్దు. పంచాయతీ కరపత్రంలో ఉన్నదే మళ్లీ వినడానికి ఎవరూ రారు. రెండో రకం చెమట సంగతి విప్పి చెప్పేది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలో కేలరీల వేడి తీసుకుపోతుంది. ఆవిరి కాకుండా కిందికి కారిపోయిన చెమట వల్ల ఏ లాభమూ లేదు. అందుకే రెంటచింతలలో 45 డిగ్రీలు ఎంత ప్రమాదమో, గాలిలో తేమ నిండిన మచిలీపట్నంలో అంతకన్నా తక్కువ ఎండ కూడా అంత ప్రమాదం కాగలదు. వాతావరణ శాఖ కూడా వడగాడ్పు ప్రకటించడానికి మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు చూస్తుంది, తీరంలో 37 చాలంటుంది. రెండు చోట్లా మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగి ఉండాలి.

దీన్ని చూపించడానికి ఖర్చు లేదు. రెండు థర్మామీటర్లు, ఒకదాని బొడిపెకు తడిగుడ్డ, ఎదురుగా ఫ్యాన్. పిల్లల చేతనే చదివించండి. రెండింటి మధ్య తేడా ఎక్కువుంటే చెమట బాగా పనిచేస్తుంది, తేడా తగ్గేకొద్దీ మనిషికి కష్టం. స్లైడ్లు పది చూపించినా ఇంత గట్టిగా నాటుకోదు.

వక్త నోటి నుంచి తప్పకుండా రావలసిన మాటలు కొన్ని ఉన్నాయి. వడదెబ్బ తగిలిన మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా, ముందు అక్కడికక్కడే చల్లబరచాలి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసరాలి. 108కి ఫోన్ చేస్తూనే ఈ పని సాగాలి, బండి వచ్చేదాకా ఆగకూడదు. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. ఎందుకంటే ఇది ఒళ్లు కావాలని పెంచుకున్న జ్వరం కాదు. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. జేబులో ఉల్లిపాయ సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. నవ్వులాటగా తీసిపారేయకుండా, జేబులో పెట్టుకున్నా నష్టం లేదు గానీ దాన్ని నమ్ముకుని మధ్యాహ్నం రెండింటికి పొలంలో ఉంటేనే ప్రమాదం అని చెప్పగలిగేవాళ్లు కావాలి.

వినేవాళ్లు ఎవరన్నదాన్నిబట్టి వక్త మారాలి. రిటైరైన ఉద్యోగుల సంఘమైతే డాక్టర్ తప్పనిసరి. గుండె జబ్బుకో కిడ్నీ జబ్బుకో నీళ్లు తగ్గించమని చెప్పినవాళ్లు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఆ సభలో సగం ఉంటారు. "రోజుకు నాలుగు లీటర్లు తాగండి" అని గంపగుత్తగా చెప్పే మనిషి అక్కడ హాని చేస్తాడు. ఉపాధి హామీ కూలీలకైతే డాక్టర్ కన్నా ఆ ఊరి ఏఎన్ఎంతో కలిసి మాట్లాడే సైన్స్ కార్యకర్త మేలు. పని వేళ ఎప్పుడు మొదలవ్వాలి, నీడ ఎక్కడ, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఎన్ని నీళ్లలో కలపాలి అన్న మాటలు అక్కడ ముఖ్యం. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచు దాకా సమంగా కొలిచి.

ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం వస్తుంది. ఎండ ప్రసంగానికి అంతకన్నా మంచి రోజు లేదు. మే నెలలో పెట్టించారా, వినడానికి వచ్చిన ముసలివాళ్లకే హాల్లో వడదెబ్బ తగులుతుంది.

వరద: నీళ్లు తీశాకే అసలు కథ

వరద మీద మాట్లాడమంటే ఎక్కువమంది వక్తలు వర్షపాతం, ఆనకట్టలు, ఆక్రమణల చుట్టూ తిరుగుతారు. అవి కావలసినవే. బుడమేరు వాగు ఎందుకు పొంగిందో విజయవాడ సింగ్‌నగర్ వాసి తెలుసుకోవాలి. కానీ ఆ ప్రసంగం విన్నాక ఆయన కలెక్టర్‌కి అర్జీ రాయగలడు, తన ఇంట్లో పిల్లల్ని కాపాడుకోవడానికి దానివల్ల పెద్దగా ఏమీ దొరకదు. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీద పడింది. ఆ రెండు చోట్లా జనానికి తర్వాతి వారాల్లో పనికొచ్చింది ఆరోగ్యం మాటే.

ఇలాంటి ప్రసంగాన్ని తేదీలవారీగా చెప్పగలవారిని వెతకండి. మొదటి రోజుల్లో ప్రాణాలు తీసేవి మునక, కరెంటు, పాములు. నీళ్లలో తడిసిన స్విచ్ బోర్డు ముట్టుకోకూడదు. పాము కరిస్తే తాడుతో బిగించి కట్టకూడదు, కోయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. ఆ వారంలోనే విరేచనాలు మొదలవుతాయి, తాగునీటి పైపుల్లోకి మురుగు చేరడం వల్ల. రెండో వారం నుంచి ఎలుక జ్వరం భయం. డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో నడిచినప్పుడు కాళ్ల పగుళ్ల గుండా, గాయాల గుండా ఒంట్లోకి వస్తుంది. జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం దాని గుర్తులు. చాలామంది దాన్ని మామూలు వైరల్ జ్వరం అనుకుని వారం వదిలేస్తారు, ఈలోగా కామెర్లు వచ్చి కిడ్నీల దాకా పోతుంది. 2018లో కేరళ వరదల తర్వాత బురద ఎత్తిపోసిన వాలంటీర్లకు, పారిశుద్ధ్య కార్మికులకు ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ మాత్రలు ఇచ్చింది ఇందుకే. అయితే ఆ మాత్ర గర్భిణులకు, చిన్నపిల్లలకు సరిపడదు. డాక్టర్ చెప్పకుండా ఎవరూ వేసుకోకూడదన్న మాట వేదిక మీద నుంచే రావాలి.

మూడు, నాలుగు వారాలకు డెంగీ. దోమ గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు, ఆ దోమలో వైరస్ ఎదగడానికి మరో వారం పది రోజులు, కుట్టించుకున్న మనిషికి జ్వరం రావడానికి ఇంకొన్ని రోజులు. ఈ లెక్క బోర్డు మీద వేస్తే హాల్లో ఉన్నవాళ్లే చెప్తారు, ఇంటి వెనక తొట్టెలు ఎప్పటిలోగా బోర్లించాలో.

ఇక్కడ తప్పుగా మాట్లాడే వక్తను గుర్తుపట్టడం తేలిక. "శవాల వల్ల అంటువ్యాధులు వస్తాయి" అన్నాడంటే ఆయన చదువు పాతబడిందని అర్థం. ప్రకృతి విపత్తుల్లో గాయాలతోనో మునిగో పోయినవారి దేహాల వల్ల ఊళ్లో అంటురోగాలు పుట్టవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నాళ్లుగానో చెప్తోంది. జబ్బులు వచ్చేది బతికున్నవాళ్ల తాగునీరు, మరుగుదొడ్లు పాడవడం వల్ల. ఈ అపోహ వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. పోయినవారిని గుర్తించకుండానే హడావిడిగా సామూహికంగా పూడ్చేస్తారు. ఆ కుటుంబానికి కడసారి చూపూ ఉండదు, పరిహారానికి కాగితమూ ఉండదు.

భద్రాచలం వైపు ఈ ప్రసంగం పెట్టిస్తే జనానికి పరిచయం చేయనవసరం లేదు. గోదావరి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి కూడా తెలుసు. అక్కడి ప్రసంగం నది గురించి తక్కువగా, పునరావాస కేంద్రంలో నీళ్లు శుభ్రం చేసుకోవడం గురించి ఎక్కువగా ఉండాలి. మురికి నీళ్లలో క్లోరిన్ బిళ్ల సరిగా పనిచేయదు కాబట్టి ముందు గుడ్డతో వడగట్టాలి, బిళ్ల వేశాక అరగంట ఆగాలి. కట్టెలు దొరికితే నీళ్లు తెర్లి ఒక నిమిషం మరగనిస్తే చాలు.

హైదరాబాద్‌లో అయితే 1908 సెప్టెంబర్ 28తో మొదలుపెట్టమనండి. మూసీ పొంగి సుమారు 15 వేల మంది పోయారని చెప్తారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఉంది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. చరిత్ర నుంచి నేటి నాలాల్లోకి, అక్కడి నుంచి ఎలుక జ్వరంలోకి రావడం చేయి తిరిగిన వక్తకు కష్టం కాదు. జూన్ చివర ఈ ప్రసంగానికి సరైన సమయం.

పిడుగు: చిన్న ప్రసంగం, పెద్ద ఫలితం

ప్రకృతి కారణాలతో పోయే ప్రాణాల్లో పిడుగు వాటా చాలామంది ఊహకు అందదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం ఇటీవలి సంవత్సరాల్లో దేశంలో ఏటా రెండున్నర వేల మందికి పైగా దీనికే పోతున్నారు. ఆ పట్టికలో వరదలకన్నా, వడదెబ్బకన్నా ఇదే పైన ఉంటోంది. ఒక్కొక్కరుగా, ఒక్కో పొలంలో పోతారు కాబట్టి పేపర్లో జిల్లా పేజీ దాటదు.

దీనికి గంట అక్కర్లేదు, ఇరవై నిమిషాలు చాలు. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టడం నేర్పాలి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి. చెట్టు కిందికి వెళ్లకూడదని అందరికీ తెలుసు, ఎందుకో తెలియదు. పిడుగు నేరుగా మనిషి మీద పడటం తక్కువ. చెట్టు మీద పడి పక్కనున్న మనిషికి దూకడం, నేలలో పాకి ఒక కాలి గుండా ఎక్కి ఇంకో కాలి గుండా దిగడం ఎక్కువ. ఒక్క పిడుగుకు మంద మొత్తం పడిపోవడానికి కారణం అదే. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి గొర్రెకు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఈ ముక్క చెప్పగానే గొర్రెల కాపర్ల సభ నిశ్శబ్దమైపోతుంది. నేల మీద పడుకోవద్దని మళ్లీ చెప్పనక్కర్లేదు.

పిడుగు పడ్డ మనిషిలో కరెంటు మిగిలి ఉండదు, ముట్టుకోవచ్చు. గుండె, ఊపిరి ఆగిన మనిషిని వెంటనే ఛాతీ నొక్కి, ఊపిరి ఊది బతికించే అవకాశం ఉంది. అందుకని ఇక్కడ వాతావరణ శాస్త్రవేత్త కన్నా 108లో పనిచేసే టెక్నీషియన్‌ను పిలవండి. బొమ్మ మీద సీపీఆర్ చేసి చూపించి, నలుగురి చేత చేయిస్తే అదే మంచి ప్రసంగం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్‌ను అక్కడికక్కడే ఫోన్లలో వేయించండి.

ఉరిమితే "అర్జునా, ఫల్గుణా" అనుకునేవాళ్లను వెక్కిరించే వక్తలు ఉంటారు. అలాంటివాళ్లను పిలిస్తే మొదటి ఐదు నిమిషాల్లోనే సభ చేజారుతుంది. పేర్లన్నీ తలచుకుంటూనే ఇంట్లోకి నడవమనండి, పోయేదేమీ లేదు. ఎండ ప్రసంగంతో కలిపి పెట్టేసినా బాగుంటుంది.

తుపాను: దివిసీమ నుంచి ఇన్సులిన్ దాకా

తీరంలో ఈ ప్రసంగానికి వాతావరణ శాఖ వాళ్లు దొరుకుతారు. విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సముద్రం సంగతులు, సునామీ హెచ్చరికలు చూస్తుంది. విషయం వాళ్లకు కొట్టినపిండి. ఇబ్బంది ఎక్కడంటే అల్పపీడనం వాయుగుండంగా, వాయుగుండం తుపానుగా మారే దశలు చెప్పేసరికి సమయం అయిపోతుంది. తుపాన్లకు పేర్లెలా పెడతారన్న ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది. పదమూడు దేశాలు కలిసి జాబితా ఇస్తాయని ఒక్క ముక్కలో తేల్చేయమని ముందే చెప్పి ఉంచండి.

1977 నవంబర్ 19న దివిసీమలో పదివేల మంది పోవడానికి కారణం గాలి కన్నా ఉప్పెన. అప్పుడు సమయానికి హెచ్చరిక జనానికి చేరలేదు. 1999లో ఒడిశాలోనూ దాదాపు పదివేల మంది పోయారు. 2013లో అదే ఒడిశా మీదికి ఫైలిన్ వచ్చినప్పుడు పది లక్షల మందిని ముందే తరలించారు, మరణాలు పదుల్లో ఆగాయి. హెచ్చరికను నమ్మి కదిలితే ఎంత తేడా వస్తుందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఉప్పెన ముప్పున్న ఊళ్లకు ప్రసంగంలో సగం దీని మీదే ఉండాలి.

నగరానికి మాత్రం వేరే ప్రసంగం కావాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకాక జనం పడ్డ పాట్లు కరెంటు లేక, నీళ్లు లేక, పాలు దొరక్క. అలాంటి రోజుల్లో డయాలసిస్ మీద ఉన్న మనిషి ఎక్కడికి వెళ్లాలి, నెలలు నిండిన గర్భిణిని ముందే ఏ ఆసుపత్రి దగ్గరికి చేర్చాలి, ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్ ఏం చేయాలి అన్నవి చెప్పేవాళ్లు కావాలి. వాడుతున్న ఇన్సులిన్ సీసా చాలా రకాల్లో చల్లని గదిలో నాలుగు వారాల దాకా చెడిపోదు. ఎండ తగలని చోట, తడి గుడ్డ చుట్టిన కుండలో పెట్టుకోవచ్చు. ఇంకో సంగతి, మూసిన గదిలోనో మెట్ల కిందనో జనరేటర్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా ప్రాణం తీస్తుంది. అపార్ట్‌మెంట్ వాళ్లకు ఈ ఒక్క మాట కోసమైనా ప్రసంగం పెట్టించవచ్చు.

వాతావరణ శాస్త్రవేత్తకు అరగంట, స్థానిక డాక్టర్‌కు అరగంట ఇవ్వడం ఇక్కడ బాగా కుదురుతుంది. సెప్టెంబర్‌లో పెట్టండి. మన తీరానికి గట్టి తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబర్, నవంబర్‌లలో.

భూకంపం: జనం వస్తారు, అంతవరకే

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్, ఖమ్మం, విజయవాడల్లో జనం బయటికి పరుగెత్తారు. అంతకుముందు 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం దగ్గర ఇలాంటివే వచ్చాయి. కాబట్టి ముప్పు లేదనడానికి లేదు. పెద్ద భయం లేదనుకున్న మహారాష్ట్రలోని కిల్లారిలో 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతకే తొమ్మిది వేల మందికి పైగా రాళ్ల గోడల కింద పోయారు.

అయినా నేను దీన్ని చివర్లోనే పెడతాను. మన దగ్గర ఏటా వచ్చే ఎండతో, పిడుగుతో దీనికి పోలిక లేదు. పైగా దీని అసలు మందు ఇంజనీర్ చేతిలో, ఇల్లు కట్టే మేస్త్రీ చేతిలో ఉంది. ప్రేక్షకులు చేయగలిగింది తక్కువ. బల్ల కింద దూరి, తల కాపాడుకుని, దాని కాలు గట్టిగా పట్టుకోవడమే. హైస్కూలు పిల్లలకైతే పెట్టించండి, కుతూహలం పెరుగుతుంది. హైదరాబాద్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది కాబట్టి అర్హులైన వక్తలకు కొదవ లేదు. ఆరోగ్యం వైపు నుంచి ఒక్కటి తప్పక అడగండి, శిథిలాల కింద గంటల తరబడి నలిగిన మనిషి బయటికి తీశాక ఎందుకు చనిపోతాడని. నలిగిన కండరాల్లోంచి పొటాషియం, మరికొన్ని పదార్థాలు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి గుండెను ఆపగలవు, కిడ్నీలను చెడగొట్టగలవు. 1941లో లండన్ బాంబు దాడుల సమయంలో వైద్యులు దీన్ని స్పష్టంగా రాసిపెట్టారు. అందుకే బరువు తీయకముందే సెలైన్ ఎక్కిస్తారు.

కాలిఫోర్నియాలోనో జపాన్‌లోనో ఉన్న తెలుగు సంఘాలకు మాత్రం ఈ వరుస తిరగబడుతుంది. వాళ్లకు భూకంపమే ముందు.

విపత్తు జరిగిన వెంటనే ప్రసంగం పెట్టొద్దు

వరద వచ్చిన వారానికి పునరావాస శిబిరంలో "మానసిక ఆరోగ్యం మీద అవగాహన" అని మైకు పెట్టేవాళ్లున్నారు. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, ఏడుపు ఆ రోజుల్లో సహజం. ఎక్కువమందికి అవి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. అందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా ఒక్కసారి చెప్పించే పద్ధతి మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటోంది. ఆ సమయంలో కావలసింది పడుకోవడానికి చోటు, తప్పిపోయిన వాళ్ల కబురు, వింటానన్న మనిషి. తగ్గనివాళ్లకు టెలిమానస్ నంబర్ 14416 గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. ప్రసంగం రెండు నెలలయ్యాక పెట్టుకోవచ్చు.

వక్తను ఖాయం చేసే ముందు ఫోన్లో

ఏ విషయం ఎంచుకున్నా వక్తతో పది నిమిషాలు ఫోన్లో మాట్లాడండి. మొదట, మా ఊరి గురించి ఏం చెప్తారని అడగండి. ఊరి పేరు లేకుండా ప్రపంచ పటంతో మొదలయ్యే స్లైడ్లు ఉన్నాయంటే అవి ఇంకెక్కడో వాడినవే. స్లైడ్లు తెలుగులో ఉన్నాయా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. డాక్టర్లు అలవాటుగా జబ్బు పేర్ల వరుసలోకి వెళ్లిపోతారు, వాళ్లను ఒక్క రోగి కథ ఆధారంగా చెప్పమనాలి. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థల కార్యకర్తల భాష బాగుంటుంది. వాళ్లలో కొందరికి మూఢనమ్మకాల మీదికి మళ్లే అలవాటు, దానికి వేరే రోజు ఇద్దామని చెప్పండి.

భూకంపం ఫలానా తేదీన వస్తుందని, గ్రహాలు వరుసలోకి వస్తున్నాయని చెప్పేవాళ్లను ఎంత పేరున్నా పిలవకండి. భూకంపం తేదీ ముందుగా చెప్పగల పద్ధతి ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు. చివర్లో నీళ్ల ఫిల్టరో, ఏదో పొడో అమ్మే "ఉచిత ఆరోగ్య ఉపన్యాసం" కూడా అంతే. శవాల వీడియోలు చూపిస్తానన్నవాళ్లను వద్దనండి, హాల్లో పిల్లలుంటారు.

వీడియో వేసి సరిపెట్టుకోవచ్చా అని అడుగుతారు. వక్త దొరకని మారుమూల ఊరైతే సరే, కానీ అర్ధగంట లోపు వీడియో చూపించి, ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పీహెచ్‌సీ నుంచి ఒకరినైనా కూర్చోబెట్టండి. సమయంలో సగం ప్రశ్నలకు వదలాలి. ఆడవాళ్లు మైకు తీసుకోవడానికి మొహమాటపడే చోట చీటీలు పంచండి. గర్భిణుల గురించి, నెలసరి రోజుల్లో శిబిరంలో ఎదురయ్యే ఇబ్బందుల గురించి వచ్చే ప్రశ్నలు చీటీల్లోనే వస్తాయి. వాటికి జవాబు చెప్పగల లేడీ డాక్టరో, నర్సో వేదిక మీద ఉండేలా ముందే చూసుకోండి.